మా అత్తమ్మ చేతి మీది నంబరు

ఆ ఎండకాలం మా ఇంట్ల జీతం కొంగుల పడుడు బందైంది.

మా అత్తమ్మ మల్లమ్మకు ఒక పట్టింపు ఉండె. జీతం పైసలు చేతితోని అందుకోవద్దు, కొంగు పరిచి పట్టాలె. చేతుల పడ్డ పైస వేళ్ల సందులకెళ్లి జారిపోతదని ఆమె నమ్మకం. ఇంట్ల ఎవరు సంపాయించినా, మామ అయినా మా ఆయన అయినా, నెల జీతం తెచ్చి ఆమె కొంగుల పెట్టాల్సిందే. ఆమె కండ్లకద్దుకొని, పోచమ్మ పటం ముంగట కొద్దిసేపు ఉంచి, అటెన్క ఎవరి ఖర్చు వాళ్లకిచ్చేది. పెట్టేటప్పుడు మగోళ్లు దర్జాగ పెట్టేటోళ్లు. తీసుకునేటప్పుడు మాత్రం బడిల పంతులు ముంగట నిలబడ్డట్టు నిలబడేటోళ్లు. నేను కొత్త కోడల్ని, మూతికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేదాన్ని.

తొంభై తొమ్మిది ముచ్చట ఇది. రాయదుర్గంల గుట్ట ఎన్కాల మా ఇల్లు. సొంతిల్లు అని పేరే గని రెండు అర్రలు, పైన సిమెంటు రేకులు. రేకులు నెర్రెలిచ్చి సందుల్లకెళ్లి మొగులు కనవడేది. ఎండకాలం ఏం బాధ లేదు, గచ్చు మీద ఎండ చుక్కలు చుక్కలు పడుతుండె, అంతే. వాన పడితేనే ఇంట్ల ఉన్న గిన్నెలు చాలేటియి కావు. నాకు అప్పుడు ఐదో నెల. తొలుసూరు కాన్పు తల్లిగారింట్ల జరగాలె గని, తెల్లాపూర్ల మా అమ్మ పోయి అప్పటికే రెండేండ్లు. ఇగ కాన్పు, పురుడు అన్నీ ఇక్కడనే.

"మిరుగం వానలు మొదలుగాకముందే రేకులు మార్వాలె," అన్నది అత్తమ్మ. "బాలింతను, పసిగుడ్డును కారే ఇంట్ల పండవెడ్తే, మీ అమ్మ ఉంటే నన్ను ఏమనేది?"

బతికున్నప్పుడు మా అమ్మకూ ఆమెకూ పడేది కాదు. పోయినంక మాత్రం అన్నిటికి మా అమ్మనే అడ్డం పెట్టేది.

మామ బాలనర్సయ్య ఒక అపార్టుమెంటు కాడ వాచ్‌మన్. ఆయన జీతం బియ్యానికి, కల్లుకు సరిపోయేది. మా ఆయన రాజేందర్ ట్రావెల్సోళ్ల సుమో నడిపేటోడు, ఆయన జీతం నెల నెల ఇంతింత తక్కువైకుంట కొంగుల పడేది. అడిగితే డీజిలనేటోడు, టైరనేటోడు. అందుకే రేకులకు ఆశంతా అత్తమ్మ జీతం మీదనే. హైటెక్ సిటీల కొత్తగ లేచిన అద్దాల బిల్డింగుల ఆమె ఊడ్చే పని చేస్తుండె.

ఏప్రిల్ మొదట్ల ఒకనాడు ఆమె డ్యూటీకెళ్లి వచ్చి చెప్పులు గూడ ఇడువకుండ అన్నది, "ఏయ్ పిల్లా, రేపు నా ఎంట రా. మా సారు ఏదో చెప్తుండు, నాకు సమజైతలేదు."

నేను పది పాసైన. మా ఇంట్ల చదువు అంటే నేనే.

వాళ్ల సూపర్‌వైజరు సీతారామాంజనేయులు గారు. కాకినాడ దిక్కు మనిషి, ఊడ్చేటోళ్లను గూడ గారు అని పిలిచేటోడు. బిల్డింగు కింద, బండ్లు పెట్టే కాడ, ఆయన టేబులేసుకొని కూసుండె. ఎప్పుడూ ఆ టేబుల్ మీద జీతం కవర్లు ఉంటయట. ఆ దినం కవర్లు లేవు, ఒక డబ్బాల కార్డులున్నయి.

"చూడండి మల్లమ్మ గారూ, ఈ నెల నుంచి చేతికి డబ్బులివ్వం. అందరికీ బ్యాంకులోనే. ఈ కార్డు పెట్టి, నంబరు నొక్కితే మెషీన్ ఇచ్చేస్తుందండి."

"సారూ, మిషిన్‌కు నేను పని చేసినట్టు ఎర్కనా?"

ఆయన నవ్విండు. "మేము చెప్తామండి దానికి."

"మరి మీరు చెప్పకపోతే?"

ఆయన డబ్బాల వెతికిండు. కార్డు ఆమె ముంగట పెట్టిండు. ఆమె కొంగు పరిచింది. ఆయనకు అర్థంగాక నా దిక్కు చూసిండు. "అండ్ల వెయ్యండి సారూ," అన్న. కార్డు కొంగుల పడ్డది. దానికి బరువే లేదు. అత్తమ్మ కొంగు ఒకసారి ఎగరేసి చూసుకున్నది.

అటెన్క ఆయన ఒక అంటించిన కాయిదం ఇచ్చిండు. అండ్ల నాలుగు అంకెలు. "ఇది ఎవరికీ చెప్పకూడదండి. కాగితం మీద రాసి పెట్టుకోకూడదు. గుర్తుపెట్టుకుని, ఈ కాగితం చింపేయండి. కాగితం మీద మాత్రం ఉండకూడదు." కాయిదం మీద ఉండొద్దని రెండుసార్లు అన్నడాయన. అత్తమ్మ రెండుసార్లూ తలకాయ ఊపింది.

నేను అంకెలు చదివి చెప్పిన. ఇంటికి పోయేదాక ఆమె పెదవులు ఆడిచ్చుకుంట వచ్చింది. ఇంటికొచ్చి కాయిదం పొయ్యిల పెట్టింది.

మొదటి నెల జీతం మా ఆయననే తెచ్చిండు. "నువ్వెందుకే అమ్మా, ఆ ఏసీ రూముల నీకేం తెలుస్తది," అని కార్డు తీసుకొని, నంబరు అడుక్కొని పోయిండు. ఒక్క పైస తక్కువ గాకుండ తెచ్చి కొంగుల పెట్టిండు. అప్పటికి ఆయన మనసుల ఏం లేదు, అది నేను చెప్పగల్గుత.

అత్తమ్మ పైసలు కండ్లకద్దుకోలే. "ఇది నీ జీతమా, నాదా?" అన్నది.

"నీదేనే."

"మరి నేను ఊడిస్తే నువ్వెట్ల తెస్తివి?"

మా ఆయన నా మొఖం చూసిండు. నేను కూర కలుపుకుంట కూసున్న. ఆ రాత్రి ఆమె పైసలు పటం ముంగట పెట్టనే లేదు, బియ్యం డబ్బాల పెట్టి పండుకున్నది.

మల్ల నెల నన్ను తోలుకపోయింది. మిషిన్ ఉన్నది ఆమె ఊడ్చే బిల్డింగు ముంగటనే, అద్దాల అర్రల. ఆ అద్దం దినాం తుడిచేది ఆమెనే. కార్డు పట్టుకొని లోపలికి పోవుడు మాత్రం అదే మొదలు. గడప కాడ చెప్పులు ఇడిచింది. కాపలాగాడు, "అమ్మా, ఏస్కొనే పోవచ్చు," అన్నడు. "మొన్న నేనే గద తుడిచింది, మల్ల నేనే తుడువాలె," అని చెప్పులు పక్కకు పెట్టింది.

లోపల సల్లగ ఉన్నది. ఆ సల్లకు అంకెలు మర్చిపోయింది. దారి పొడుగూత నోట్లె మెదులుకుంట వచ్చిన మనిషి, మిషిన్ ముంగట నిలబడి నా మొఖం చూసింది. మా ఎన్కాల సాఫ్ట్‌వేర్ పోరలు ఇద్దరు మెడల బిళ్లలేసుకొని నిలబడ్డరు. నేను చెవుల చెప్పిన. ఆమె ఒక్కొక్కటి వెతుక్కుంట నొక్కింది. మిషిన్ లోపట టకటక చప్పుడైంది. వెంటనే ఆమె ఆ సందు కింద కొంగు పరిచి నిలబడ్డది. నోట్లు బయటికి వచ్చి ఆగినయి, కింద పడలే. ఆమె అట్లనే నిలబడ్డది. మిషిన్ పీకుమంటున్నది. ఆఖరికి నేను గుంజి కొంగుల ఏసిన. ఎన్కాల పోరడొకడు నవ్విండు, రెండోవాడు వాని భుజం గుద్దిండు.

బయటికొచ్చి చెప్పులేసుకుంట అన్నది, "అంటే నువ్వు లేకుంటే నాకు నా జీతం రాదన్నట్టేనా?"

"నేనేడికి పోత అత్తమ్మా?"

"అదిగాదు నేనడిగేది."

ఆమె అడిగింది నాకు అర్థమైంది.

ఆ ఆదివారం ఆమె ఒక్కతే అంగడికి పోయింది. తిరిగొచ్చేసరికి కుడి చెయ్యి మణికట్టు పైన ఉబ్బి ఉన్నది, పసుపు పూసుకున్నది. పసుపు కింద పచ్చగ నాలుగు అంకెలు. అంగట్ల పచ్చబొట్లు పొడిచే మిషిన్ పెట్టిన్రట. ఒకటో నంబరు కాడికెళ్లి తొమ్మిది దాక రాసిన పలక చూపెట్టి, వేలుతోని ఒక్కొక్కటి చూపిచ్చి పొడిపిచ్చుకున్నది.

ముందుగాల మామనే అందుకున్నడు. "పెండ్లైన కొత్తల నా పేరు పొడిపిచ్చుకోమంటే నొస్తదంటివి. ఇప్పుడు బ్యాంకోళ్ల నంబరు పొడిపిచ్చుకుంటివా?"

"నీ పేరు నేను మర్చిపోలే గద," అన్నది అత్తమ్మ.

"అత్తమ్మా, అది ఎవ్వరికి చెప్పొద్దన్నడు గద సారు," అన్న నేను.

"నేను ఎవ్వరికి చెప్పిన? కాయిదం మీద ఉండొద్దన్నడు. కాయిదం మీద లేదు. కాయిదం తడుస్తది, చినుగుతది, చెయ్యి ఏడికి పోతది?"

సీతారామాంజనేయులు గారు చూసినప్పుడు నెత్తి పట్టుకున్నడట. "అయ్యో మల్లమ్మ గారూ, ఇదేంటండీ," అని బాధపడ్డడట పాపం. ఆఖరికి, "సరే, కార్డు మాత్రం జాగ్రత్తండి. కార్డు లేకపోతే ఈ నంబరుతో ఎవరూ ఏమీ చేయలేరు," అన్నడట. ఆ ఎండకాలం పోయేదాక ఆమె పొట్టి చేతుల రైక ఏసుకొని ఆ బిల్డింగుల అంతస్తు అంతస్తు ఊడ్చింది. బస్తీ పిల్లలు అడిగితే బస్సు నంబరు అనేది. పిల్లలు ఆ బస్సు ఏడికి పోతదో అడిగేటోళ్లు.

ఆ అంకెలు చేతి మీదికొచ్చినంక ఆమె నడకనే మారింది. ఒక్కతే పోయి ఒక్కతే వచ్చేది. ఇంకో సంగతి గూడ కనిపెట్టింది. కొంగుల ఉన్న పైసలను నలుగురు చూస్తరు. పక్కింటామె అడుగుతది, మామ కల్లు మీద ఇంకింత అడుగుతడు. మిషిన్‌ల ఉన్నది ఎవ్వరికి కనవడది. "దాంట్లనే ఉండనీ," అన్నది నాతోని, "రేకులకు ఒక్కసారే తీద్దాం." ఆ నెల జీతం ముట్టుకోలే. కిందటి నెలది గూడ ఇల్లు గడుపంగ మిగిలింది మల్ల బ్యాంకులనే ఏసొచ్చింది. కార్డు బియ్యం డబ్బాల అడుక్కు పెట్టింది. నేను లోపల ఆడే బిడ్డకు చెప్పుకున్న, పైన రేకులొస్తయని.

మిరుగం ఇంకా రాలే, మొగులు మాత్రం పట్టింది. ఒక పొద్దుమీకి మా ఆయన ఇంటికొచ్చిండు, నడుముకు ఒక తోలు సంచి కట్టుకొని. అండ్లకెళ్లి సెల్‌ఫోన్ తీసిండు. ఇటుక పెళ్ల అంత ఉన్నది, నల్లగ. బస్తీల అదే మొదటి సెల్‌ఫోన్. గడప కాడ నలుగురు పోగైన్రు.

"ట్రావెల్సోళ్లు ఫోనున్నోనికే ఎయిర్‌పోర్టు డ్యూటీ ఇస్తరంట," అన్నడు. "రెండు నెలల్ల దీని పైసలు ఎల్తయమ్మా. మల్ల నీ దాంట్లనే ఏస్త."

అత్తమ్మ చాట పక్కకు పెట్టింది. లేచి బియ్యం డబ్బా మూత తీసి, చెయ్యి పెట్టి చూసింది. కార్డు ఉన్నది. తీసి చూసి, మల్ల అండ్లనే పెట్టింది. అప్పుడు నాకు సమజైంది. కార్డు తీస్కపోయి, తెచ్చి పెట్టిండు. నంబరు ఆయనకు మొదటినుంచి తెలుసు. తెల్వకున్నా, తల్లి చేతి మీదనే ఉన్నది.

"నిమిషానికి ఎంత పడ్తది?" అని అడిగింది అత్తమ్మ.

ఆయన చెప్పిండు.

"ఎవలన్న చేస్తే గూడ పడ్తదా?"

"పడ్తది."

ఆమె మల్ల చాట అందుకున్నది. ఆయన నా దిక్కు ఫోన్ చాపి, "చూడు సంధ్యా, మీ వదినకు చేద్దామా తెల్లాపూర్కు," అన్నడు. మా వదిన ఇంట్ల కరెంటే సక్కగ ఉండది. "పైనకు చూడు," అన్న నేను. ఆయన పైనకు చూసిండు. రేకు నెర్రెలకెళ్లి మబ్బు కనవడుతున్నది. తల దించుకొని ఫోన్ సంచిల పెట్టుకున్నడు.

మిరుగం రెండో దినం వాన పడ్డది. గిన్నెలు, తాంబాళం, మామ స్నానం చేసే బకిట అన్నీ పెట్టినం. నేను మూలకు, పొడి జాగల, గోడకు ఆనుకొని కూసున్న. అత్తమ్మ నిండిన గిన్నెలు పారబోసుకుంట తిరిగింది. చినుకు పడ్డప్పుడల్లా ఆమె చేతి మీది అంకెలు తడిసి మెరుస్తుండె. నాకు భయమైంది. ఈ గిన్నెల నడుమనే కనాల్నా అని ఏడ్చిన గూడ. ఆమె చూసింది గని ఊరడించలే.

జీతం పడ్డ దినం, "నడువ్," అన్నది. మిషిన్ కాడికి పోయినం. ఆ దినం ఎన్కాల ఎవ్వరు లేరు.

"నంబరు మార్వొచ్చంట గద. సారు చెప్పిండు. ఏడ నొక్కాల్నో చెప్పు."

తెర మీది ఇంగ్లీషు అక్షరాలు కూడుకొని చదివిన. ఆ జాగ చూపిచ్చిన. పాత నంబరు చేతి మీద చూసుకుంట ఆమెనే కొట్టింది. కొత్తది కొట్టుమన్నది మిషిన్.

"ఇగ నువ్వు అటు తిరుగు," అన్నది.

"నేనా?"

"నువ్వే. రోడ్డు దిక్కు చూడు."

తిరిగిన. రోడ్డు మీద ఆఫీసు బస్సు పోతున్నది. ఎన్కాల నాలుగు పీకులు, మల్ల నాలుగు పీకులు ఇనవడ్డయి. ఎక్కడ ఆగలే, వెతుక్కోలే, ఇంట్ల పని చేసినంత జల్ది అయిపోయింది. మనసుల కొంచెం సివుక్కుమన్నది నాకు. కాపలాగాడు అద్దంలకెళ్లి చూస్తుండె, నేను వానికేసి చూసిన.

"పచ్చబొట్టు మల్ల పొడిపిచ్చుకుంటవా అత్తమ్మా?" అని అడిగిన ఇంటికి పోయేటప్పుడు.

"ఎందుకు? ఒకటి ఉన్నది గద," అన్నది.

కార్డు మల్ల బియ్యం డబ్బాలనే పెట్టింది, అడుక్కు గూడ కాదు, పైననే.

ఫోన్ బిల్లు వచ్చింది. మా ఆయన రెండు దినాలు బిల్లు మడతపెట్టుకుంట, విప్పుకుంట తిరిగిండు. మూడో దినం మాపటికి ఇంటికొచ్చి గడప కాడనే కూసున్నడు, లోపలికి రాలే. అత్తమ్మ వాకిట్ల గిన్నెలు తోముతుండె. కుడి చేతికి బూడిద అంటి, అంకెలు సగం కనవడుతున్నయి.

"కార్డు మింగిందే," అన్నడు ఆయన, ఎవ్వరి దిక్కు చూడకుండ.

"ఏం మింగింది?" అన్నడు లోపలకెళ్లి మామ.

"మిషిన్. నంబరు తప్పన్నది. మూడుసార్లు కొట్టిన. మింగింది."

మా ఆయన తల్లి చేతి దిక్కు చూసిండు. ఆమె చెయ్యి దాచుకోలే. నీళ్లు పోసి కడుక్కున్నది. నాలుగు అంకెలు పచ్చగ, సక్కగ కనవడ్డయి. ఆయన చాలాసేపు చదువుతున్నట్టే చూసిండు.

"అమ్మా," అన్నడు.

"బువ్వ తింటవా?" అన్నది ఆమె.

ఇంట్ల అంతే అయింది. కొట్లాట కాలే. తెల్లారి అత్తమ్మ సీతారామాంజనేయులు గారిని ఎంటేసుకొని బ్యాంకుకు పోయి, వేలిముద్రేసి కార్డు తెచ్చుకున్నది. ఆ సారు తొవ్వ పొడుగూత, "నంబరు ఎవరికీ చెప్పలేదు కదండీ," అని అడిగిండట. "ఈసారి చేతికి గూడ చెప్పలే సారూ," అన్నదట.

వారం తిరగకముందే మా ఆయన నడుముకు ఆ తోలు సంచి కనవడలే. ఒక పగటీలి డ్యూటీ నడుమ ఇంటికొచ్చి తల్లి ముంగట నిలబడ్డడు. అంగి జేబులకెళ్లి పైసలు తీసిండు. కొన్నంత రాలేదు, అది ఆయన చెప్పకున్నా తెలుస్తనే ఉన్నది. ఆమె కూసున్న కాడికెళ్లి లేచి, కొంగు పరిచింది. ఆయన పెట్టిండు. ఆయన కండ్లు ఎర్రగున్నయి. ఆ పైసలను మాత్రం ఆమె కండ్లకద్దుకొని, పటం ముంగట పెట్టింది.

తక్కువ పడ్డది కార్డుల ఉన్న జీతంతోని నింపింది. ట్రాలీ ఆటోల రేకులు తెచ్చింది మా ఆయననే. మామ నిచ్చెన పట్టుకున్నడు. అర్రల నిలబడి పైనకు చూస్తే మొగులు కనవడలే, చీకటిగ, నిమ్మళంగ అనిపించింది. ఆ రాత్రి వాన పడుతుంటే నేను ఎన్నడు లేనంత నిద్రవోయిన.

శ్రావణంల పింకీ పుట్టింది. తొట్టెలేసిన దినం ముసురు పట్టి ఉన్నది, రేకుల మీద వాన చప్పుడుకు ఒకరి మాట ఒకరికి ఇనవడలే. వచ్చినోళ్లు తిని పోయినంక అత్తమ్మ నా పక్కన గచ్చు మీద కూసున్నది.

"కొంగు పరుచు," అన్నది.

పసిపిల్లకు ఏదో పెడుతదేమో అనుకొని పరిచిన. కార్డు ఏసింది.

"నాకెందుకు అత్తమ్మా?"

"నేను మోకాళ్లతోని ఎన్నేండ్లు ఊడుస్త? ఇయ్యాల్టికెళ్లి ఇంటి పైసలు నువ్వు చూడు."

"నంబరు?"

మా ఆయన గడపల నిలబడి సిగరెట్ ముట్టిచ్చుకుంట చూస్తుండె. అత్తమ్మ ఆయన దిక్కు చూడలే. నా చెయ్యి పట్టుకొని, నా చూపుడు వేలుతోని గచ్చు మీద చూపిచ్చింది, ఇదొక మూల, ఇదొక మూల, ఇదొక మూల, ఇదొక మూల. పెదవి గూడ కదపలే. మిషిన్ మీద అంకెలు మూడు వరుసలుంటయి, సున్న ఇడిచిపెడితే. ఆ వరుసలకు నాలుగు మూలలు. అర్ర ఊడ్చేటప్పుడు ఆమె ఏ మూలకెళ్లి మొదలుపెట్టి ఏ మూల కాడ ఆపుతదో, గట్లనే. దినాం ఆమె ఇల్లూడ్చంగ చూసిన నాకు ఇగ రెండోసారి చూపియ్యాల్సిన అవసరం రాలే. ఆమె కొత్త అంకెలు నోటికి నేర్చుకోలేదు. నేర్చుకోవాల్సిన పని లేదని ఆ రోజు రోడ్డు దిక్కు నన్ను తిప్పేముందే ఆమెకు తెలుసు.

"ఏంది, గచ్చు మీద ఆట ఆడుతున్నరా?" అన్నడు మా ఆయన.

"అవు," అన్నది ఆమె.

అత్తమ్మ పోయి ఏడేండ్లాయె. చేతి మీది నంబరు ఆమెతోనే పోయింది, అది ఏ మిషిన్‌కు పనికిరాకుంటనే ఇరవై ఏండ్ల దాక ఆమె చేతి మీద ఉన్నది. ఇప్పుడు కూరగాయల బండి కాడ గూడ ఫోన్ చూపిస్తున్నం, నా చేతుల నోటు పట్టుకొని ఎన్ని దినాలైందో. మా ఆయన జీతం గూడ నా ఫోన్లనే పడుతది, దాని నంబరు గూడ ఆ నాలుగు మూలలే. ఆయన ఇయ్యాల్టికి నంబరు అడగలే.

ఇగ మీకు ఇంత చెప్పినంక ఆ నంబరు మార్చుకోవాలె అనుకున్న. మల్ల ఆలోచించిన, అవసరం లేదు. నాలుగు మూలలనే చెప్పిన, ఏ మూలకెళ్లి ఊడ్చాల్నో చెప్పలే.